ఏ ఇంజిన్ అని కాదు, ఎన్ని యూనిట్లు అని అడగాలి



నాయుడుపేట మనిషికి మోటారు రేసులతో ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే, మా ఊళ్లో రేసు ట్రాక్ లేదు. స్వర్ణముఖి ఒడ్డు, వరిపొలాలు, రైసు మిల్లులు, షిఫ్టు వేళలకు మేనకూరు సెజ్ వైపు తిరిగే కంపెనీ బస్సులు, 16వ నంబరు జాతీయ రహదారి, తిరుపతి మీదుగా వచ్చి దాన్ని కలిసే పూతలపట్టు రోడ్డు. ఇదీ మా ఊరు. కానీ ఆ జాతీయ రహదారి మీదే దక్షిణంగా బయల్దేరి సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటితే, మద్రాసు ఇంకా రాకముందే షోలవరం తగులుతుంది. దక్షిణాదిలో మోటారు రేసు పెరిగి పెద్దదైన చోటు అది. అంతదూరం పోకుండా సత్యవేడు వైపు తిరిగితే మాదనపాలెంలో హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీ ఉంది, చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. రేసుకు కావలసిన సరంజామా అంతా మా చుట్టుపక్కలే పుడుతోంది. రేసు ఒక్కటే లేదు.

ఇప్పుడు ఇంజిన్ మారిపోతోంది. పెట్రోలు బండి పక్కన బ్యాటరీ బండి వచ్చి నిలబడింది. పెట్రోల్లోనే ఐదో వంతు ఇథనాల్ కలుస్తోంది. హైడ్రోజన్ పేరు కూడా వినబడుతోంది. ఇలాంటప్పుడు మోటారు రేసు ఏం చేయాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండిలో ఏ ఇంజిన్ పెట్టాలో రేసు రూలు చెప్పకూడదు. ఎంత శక్తి వాడుకోవచ్చో మాత్రమే చెప్పాలి. ఆ తర్వాత ఎవరి తెలివి వాళ్లది. దీనికి ఇంకొకటి తోడు కావాలి. రేసు మామూలు కుర్రాడికి అందే ఖర్చులో ఉండాలి, బండి అతని చేతికి విప్పుకునేలా ఉండాలి. ఈ రెండోది లేకపోతే మొదటిది ఎంత గొప్పగా ఉన్నా నాలుగు రోజులు నిలవదు. ఎందుకంటున్నానో షోలవరం నుంచే మొదలుపెడతాను.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు దిగడానికి వేసిన రన్‌వే అది. యుద్ధం అయిపోయాక ఊరికే పడి ఉంటే, మద్రాసులో బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు దాని మీద పందేలు పెట్టారు. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పైచిలుకు షోలవరం రేసులంటే దక్షిణాది మొత్తానికి ఒక తిరనాళ్ల లెక్క. విదేశీ కారు దిగుమతి చేసుకోవడం మహారాజులకు, మిల్లుల యజమానులకు తప్ప సాధ్యం కాని రోజులు. విజయ్ మాల్యా లాంటివాళ్లు ఏకంగా ఫార్ములా వన్ కారునే తెచ్చి అక్కడ తోలారు. మిగతావాళ్లు ఏం చేశారయ్యా అంటే, దొరికిన ఇంజిన్‌నే విప్పుకుని కూర్చున్నారు. ఫియట్ ఇంజిన్, అంబాసిడర్ ఇంజిన్, స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజిన్. హెడ్డు చెక్కించి కంప్రెషన్ పెంచడం, రెండో కార్బొరేటర్ తగిలించడం, బాడీలో పనికిరాని రేకంతా కోసేసి బరువు దించడం. గెలిచిన కారుకంటే ఆ కారును అలా తయారుచేసిన మెకానిక్కుకే ఎక్కువ పేరు వచ్చేది.

రెండు చక్రాల సంగతి మా తరానికి ఇంకా దగ్గర. యెజ్డీ, రాజ్‌దూత్, 1983లో వచ్చిన యమహా ఆర్‌డీ 350, ఆ వెనకే 1985లో ఆర్‌ఎక్స్ 100. ఈ చివరి బండి గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పినా శ్రోతలు క్షమించాలి. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే ఏముంది అనిపిస్తుంది. కానీ అది టూ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పడుతుంది, ఇందులో ప్రతి చుట్టుకూ పడుతుంది. బండి తేలిక, పికప్ ఎక్కువ. బోరు కాస్త పెంచి, సైలెన్సర్ లోపలి గొట్టం మార్చి, పోర్టులు ఆకురాయితో రాకి నున్నగా చేస్తే అదే బండి వేరే జంతువైపోయేది. ఇవాళ్టికీ మంచి కండిషన్లో ఉన్న ఆర్‌ఎక్స్‌కు కొత్త బండి ధర పలుకుతుంది.

మరి ఆ టూ స్ట్రోక్ ఏమైంది? పెట్రోల్లో ఆయిల్ కలిపి తాగుతుంది, కొంత పెట్రోలు మండకుండానే పొగతోపాటు బయటికి పోతుంది. పొగ మీద ప్రభుత్వ నిబంధనలు బిగిశాయి. 1996లో ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. 2000లో నిబంధనలు ఇంకా గట్టిపడ్డాక ఆ జాతి మోటారు సైకిళ్లన్నీ ఒకటొకటిగా దుకాణాల్లోంచి మాయమయ్యాయి. రేసు మాత్రం ఆగలేదు. అది అప్పటికే షోలవరం రన్‌వే వదిలి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బువాళ్లు సొంతంగా వేసుకున్న 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీదికి చేరింది. అక్కడ ఫోర్ స్ట్రోక్ బండ్లు పరుగెత్తాయి. హోసూరు టీవీఎస్‌వాళ్ల రేసింగ్ జట్టు 1982 నుంచీ ఉంది. టూ స్ట్రోక్‌తో గెలిచినవాళ్లే ఫోర్ స్ట్రోక్‌తోనూ గెలిచారు. ఇంజిన్ మారినందుకు రేసు చావదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు చరిత్రలోకి వెళ్తే కరెంటు బండి కొత్తదేమీ కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ప్రపంచంలో మొట్టమొదట దాటిన కారు కరెంటుదే. 1899 ఏప్రిల్ 29న బెల్జియంకు చెందిన కామిల్ జెనాట్జీ, ఫిరంగి గుండు ఆకారంలో ఉన్న తన ఎలక్ట్రిక్ కారును పారిస్ శివార్లలో గంటకు 105 కిలోమీటర్ల పైన తోలాడు. అప్పటికి పెట్రోలు కారు ఇంకా దగ్గుతూ నడుస్తోంది.

ఇంకో కథ ఉంది, ఇది రూళ్లు రాసేవాళ్లు గోడకు పటం కట్టి పెట్టుకోదగ్గది. 1967 ఇండియానాపొలిస్ 500 రేసుకు అమెరికాలో ఒక జట్టు పిస్టన్లే లేని కారు తెచ్చింది. లోపల గ్యాస్ టర్బైన్, హెలికాప్టర్లలో ఉండే రకం. పార్నెల్లీ జోన్స్ దాన్ని తోలుతుంటే పెద్ద శబ్దం కూడా లేదు, ఊష్‌మని గాలి పోతున్నట్టు వెళ్లిపోయింది. 200 చుట్ల రేసులో చాలావరకు అతనే ముందు. ఇంకా మూడు చుట్లే ఉన్నాయనగా గేర్‌బాక్సులో చిన్న బేరింగు ఒకటి పోయి కారు ఆగిపోయింది. గెలవలేదు కదా, ఇక ఎవరికేం బాధ? అయినా రేసు పెద్దలు ఊరుకోలేదు. మరుసటి ఏడాదికి టర్బైన్ గాలి పీల్చే ద్వారాన్ని బాగా కుదించేశారు. 1968లోనూ ఒక టర్బైన్ కారు ముందుండగానే ఆఖరి చుట్లలో ఆగిపోయింది. దాని మీద మళ్లీ కోత. అంతటితో ఆ దారి మూసుకుపోయింది. టర్బైన్ మంచిదా చెడ్డదా అన్నది ట్రాక్ మీద తేలలేదు, మీటింగు హాల్లో తేలింది. రేసు కొత్త యంత్రాన్ని పరీక్షించే చోటు అంటారు. పరీక్ష పేపరే మార్చేస్తే ఇక పరీక్ష ఎక్కడిది?

ఇప్పుడు మన తెలుగు నేల మీదికి వద్దాం.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. పూర్తిగా కరెంటు కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ అది. ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2013లో చివరిసారిగా ఫార్ములా వన్ జరిగాక, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కారు రేసు మళ్లీ మన దేశానికి రావడం అదే. సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్, సాగర్ చుట్టూ 2.83 కిలోమీటర్ల దారిని ట్రాక్ చేశారు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. న్యూజిలాండ్ కుర్రాడు నిక్ కాసిడీ రెండో స్థానం. అందరికంటే ముందు వరసలో మొదలెట్టిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ను సొంత జట్టు డ్రైవర్ సామ్ బర్డే మలుపులో వచ్చి గుద్దాడు. జట్టు రెండు కార్లూ అక్కడితో సరి.

కానీ నన్ను ఆకట్టుకున్నది గుద్దుకోవడం కాదు, చివరి చుట్లు. వెర్న్ ముందున్నాడు. వెనక కాసిడీ కారులో ఛార్జి కాస్త ఎక్కువ మిగిలి ఉంది. ముందువాడు ఎక్కడ యాక్సిలరేటర్ వదిలి కారును దొర్లించాలి, ఎక్కడ నొక్కాలి, ఎక్కడ దారి అడ్డుపెట్టాలి అని లెక్కగా తోలి సెకను కూడా తేడా లేకుండా గట్టెక్కాడు. చప్పుడు చేయని చదరంగం అది.

ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, శ్రోతలు విసుక్కోకండి. ఆ కార్లలో వాడుకోవడానికి ఉండే బ్యాటరీ శక్తి 40 యూనిట్ల లోపు. యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. లీటరు పెట్రోల్లో ఉండే శక్తి సుమారు 9 యూనిట్లు. అంటే ఆ కారు తనతో తెచ్చుకున్నది నాలుగున్నర లీటర్ల పెట్రోలంత శక్తి మాత్రమే. దాంతోనే, డ్రైవరుతో కలిపి 840 కిలోల బరువును, వీధి మలుపుల్లో, తొంభై కిలోమీటర్ల పైన పరుగెత్తించారు. చాలకపోతే ఏం చేస్తారు? బ్రేకు వేసినప్పుడు కారు వేగాన్ని మళ్లీ కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతారు. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగి పట్టుకున్నదే. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు, మోటారే బ్రేకు. దీని పక్కన ఫార్ములా వన్‌ను పెట్టి చూడండి. అక్కడ 2019 నుంచి 2025 దాకా ఒక రేసుకు 110 కిలోల వరకు ఇంధనం వాడుకోవచ్చని రూలు ఉండేది. సుమారు 1,300 యూనిట్ల శక్తి. దూరం 305 కిలోమీటర్లు. వేగం ఫార్ములా వన్‌దే ఎక్కువ, అందులో వాదన లేదు. కానీ కిలోమీటరుకు ఎంత ఖర్చుపెట్టాడు అని చూస్తే కరెంటు కారు కుర్రాడు పొదుపులో ఎక్కడో ఉన్నాడు.

మరి ఇంత బాగుంటే హైదరాబాద్‌లో అది ఎందుకు నిలవలేదు? 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు, ప్రభుత్వం మారాక, జనవరి మొదట్లోనే రద్దయింది. డబ్బు లావాదేవీల మీద కేసులు వచ్చాయి. అది కోర్టుల పని, మనకు వద్దు. నేననేది వేరే. ఆ రేసు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఏ కుర్రాడి చేతికీ ఒక స్క్రూడ్రైవర్ అందలేదు. కార్లు విమానంలో వచ్చాయి, విమానంలో పోయాయి. చూసినవాళ్లు చూశారు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు తిట్టుకున్నారు. వేరు లేని చెట్టును ఎవరు కదిలించినా పడిపోతుంది. షోలవరంలో సాంకేతికత పాతది, వేరు మాత్రం లోతు. హైదరాబాద్‌కు వచ్చింది సరికొత్త సాంకేతికత, దానికి వేరు లేదు.

ప్రపంచంలోనూ ఇదే పాఠం ఇంకో చోట కనబడింది. మోటో జీపీ రేసులతోపాటు మోటో ఈ అని కరెంటు బైకుల పోటీ 2019లో మొదలుపెట్టారు. 2023 నుంచి డుకాటీ కంపెనీ బైకులు ఇచ్చింది. మంచి బైకులే. అయినా 2025 సీజన్‌తో దాన్ని ఆపేశారు, జనం రాలేదని. బ్యాటరీ బరువు వల్ల రేసు ఏడెనిమిది చుట్లకు మించేది కాదు. పైగా అందరికీ ఒకే బైకు, లోపల ముట్టుకోవడానికి ఏమీ లేదు. ముట్టుకోవడానికి లేని చోట మెకానిక్‌కు పని లేదు. మెకానిక్ లేని రేసు టీవీలో ఆటలాంటిదే, ఛానల్ మార్చేస్తారు.

ఈ మాట మీద మా ఊరి బైపాస్ దగ్గర ఒక మెకానిక్ తమ్ముడి గోడు చెప్పాలి. ఇరవై ఏళ్లు ఇంజిన్ పని చేసినవాడు. చెవి పెట్టి వింటే చాలు, ట్యాపెట్లా, టైమింగ్ చైనా అని చెప్పేస్తాడు. 2020లో బీఎస్-6 వచ్చి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వస్తే, అప్పు చేసి స్కానర్ కొన్నాడు, నేర్చుకున్నాడు. ఇప్పుడు కరెంటు స్కూటర్ ఎవరో తెస్తే, “సార్, స్కానర్ పెట్టినా లోపలికి రానీదు. పాస్‌వర్డ్ కంపెనీవాడి దగ్గర ఉంటదంట. మూత తీస్తే వారంటీ పోతదంట. ఇంక నేను ఏం బాగుచెయ్యాల?” అంటాడు. రేసు గురించి మాట్లాడేటప్పుడు ఇది చిన్న విషయం అనుకోకండి. అసలు విషయం ఇదే. ఆర్‌ఎక్స్ పోర్టును ఆకురాయితో రాకిన చెయ్యి ఇవాళ కంట్రోలర్ ప్రోగ్రామును రాకాలి. రాకనివ్వకపోతే రేసు ఎక్కడ పుడుతుంది?

ఇంజిన్ కొత్తదైనప్పుడు దాన్ని అందరి చేతికీ ఎలా అందించవచ్చో మన దగ్గరే ఒకాయన చేసి చూపించాడు. కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే నాయుళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన జి.డి. నాయుడు ఆ ఊరివారే. నేను చెప్పేది మాత్రం అదే ఊళ్లో, లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ గురించి. షోలవరంలో తనే పెద్ద రేసరు. తలచుకుంటే విదేశీ కార్లే తోలుకుంటూ ఉండిపోయేవాడు. 1980లలో మారుతి 800 వచ్చింది. ముందు చక్రాలను తిప్పే చిన్న ఇంజిన్, మూడు సిలిండర్లు, 796 సీసీ. పాత రేసర్లు దాన్ని చూసి నవ్వి ఉంటారు. కరివర్ధన్ మాత్రం ఆ ఇంజిన్‌ను వెనక పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. ఫార్ములా మారుతి అన్నారు దాన్ని. ఇంజిన్ ఊరూరా దొరికేది, స్పేర్ పార్టులు ఊరూరా దొరికేవి, కోయంబత్తూరులోనే కట్టేవాళ్లు. అలాంటి కార్లు ఒకటొకటిగా పెరిగి రేసు నిండింది. నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు తోలింది ఆ కారులోనే. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లోకి వెళ్లిన తొలి భారతీయుడు అతనే, ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్నదీ అతనే. ఆ రోజు మిషెలిన్ టైర్ల కార్లన్నీ తప్పుకోగా ఆరు కార్లే పరుగెత్తాయి, ఆ సంగతి దాచనక్కర్లేదు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుతోనే ఇవాళ కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది.

ఇప్పుడు కావలసింది మళ్లీ అలాంటి పనే. మారుతి 800 స్థానంలో ఇవాళ ఏముంది? కరెంటు స్కూటర్. హీరోవాళ్ల విడా స్కూటర్ 2022లో వచ్చినప్పుడు మన మాదనపాలెం ఫ్యాక్టరీలోనే తయారైంది. అదే కంపెనీ రేసు జట్టు సౌదీ ఎడారిలో డకార్ ర్యాలీకి వెళ్తుంది. 2024లో వాళ్ల రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో వచ్చాడు. టీవీఎస్‌వాళ్లు అపాచీ ఆర్‌టీఈ అనే కరెంటు బైకుతో ఒక ఛాంపియన్‌షిప్పే మొదలుపెట్టారు. అక్కడిదాకా శభాష్. కానీ అది కూడా కంపెనీ ఇచ్చిన బైకు ఎక్కి దిగడమే. ఆ తర్వాతి మెట్టు ఇంకా పడలేదు.

ఆ మెట్టు ఎలా ఉండాలో చెప్పడానికి మనకు బయటి ఉదాహరణ అక్కర్లేదు. మన జిల్లాల్లో ఎద్దుల బండలాగుడు పోటీలు చూశారు కదా. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని వయసు ప్రకారం విభాగాలు. బండ బరువు ఇంత, సమయం ఇన్ని నిమిషాలు. అంతే రూలు. ఉలవలు పెట్టావా, పత్తిగింజలు పెట్టావా అని ఎవరూ అడగరు. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మోటారు రేసు రూలు కూడా ఇంత తేటగా ఉండాలి. నీ విభాగానికి ఇన్ని యూనిట్లు. పెట్రోలు తెచ్చుకుంటావో, ఇథనాల్ తెచ్చుకుంటావో, బ్యాటరీ తెచ్చుకుంటావో నీ ఇష్టం. ఎవరు ముందు గీత దాటితే వాళ్లది గెలుపు.

ఇది గాలిలో మేడలు కట్టడం కాదు. పెద్ద రేసులు ఈ దారినే పడ్డాయి. ఫార్ములా వన్ 2026 రూళ్లలో ఇంజిన్‌కు పోయే ఇంధనాన్ని కిలోల్లో కొలవడం మానేశారు, శక్తిలో కొలుస్తున్నారు. గంటకు 3,000 మెగాజౌళ్లు, మన లెక్కలో 830 యూనిట్ల చిల్లర. బండి బలంలో ఇంచుమించు సగం కరెంటు మోటారు నుంచే రావాలి. ఇంధనం భూగర్భ చమురు నుంచి రాకూడదు. ఆ రూళ్లు రాసుకున్నాకే ఆడి కంపెనీ వస్తానంది, వెళ్లిపోయిన హోండా వెనక్కి తిరిగింది. ఫ్రాన్స్‌లో లె మాన్ 24 గంటల రేసు చూడండి. టొయోటా, ఫెరారీలవి టర్బో వీ6 హైబ్రిడ్లు. కాడిలాక్‌ది వీ8 హైబ్రిడ్. 2025లో వచ్చిన ఆస్టన్ మార్టిన్ వాల్కిరీది బ్యాటరీ సాయం లేని వీ12. అన్నీ ఒకే గీత మీద నుంచి బయల్దేరతాయి. చక్రాలకు ఎంత బలం పోతోంది, ఒక విడతలో ఎంత శక్తి వాడావు అని యంత్రాలు పెట్టి కొలుస్తారు. వీధిలో మామూలు మనుషులకు ఆ ఇంజిన్ల పేర్లు తెలియకపోయినా రేసు మాత్రం రక్తి కడుతోంది.

ఒక చిక్కు ఉంది, అది దాటవేయకూడదు. యూనిట్లు సమానంగా ఇస్తే కరెంటు బండి గెలుపు ఖాయం. స్కూటర్ ఒక యూనిట్ కరెంటుతో ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. ఒక యూనిట్ పెట్రోలంటే 110 మిల్లీలీటర్లు, లీటరుకు 50 ఇచ్చే బండి దాంతో ఐదారు కిలోమీటర్లు వెళ్తుంది. పెట్రోలు శక్తిలో ఎక్కువ భాగం వేడిగా పొగలో పోతుంది కాబట్టి. అందుకని మొదట్లో పెట్రోలుకు ఐదారు రెట్లు ఎక్కువ యూనిట్లు ఇవ్వాలి. ఏటా కొంచెం కొంచెం తగ్గిస్తూ రావాలి. తగ్గించే లెక్కను ఐదేళ్లకు సరిపడా ముందే ప్రకటించాలి, మధ్యలో మార్చకూడదు. టర్బైన్‌కు చేసిన అన్యాయం పెట్రోలుకూ చేయకూడదు కదా. పెట్రోలు ఇంజిన్‌వాడికి బతికే దారి కూడా ఇందులోనే ఉంది. ఇథనాల్ లీటరుకు శక్తి పెట్రోల్లో మూడింట రెండు వంతులే ఇస్తుంది, కానీ ఆక్టేన్ ఎక్కువ, కంప్రెషన్ పెంచినా ఇంజిన్ కొట్టుకోదు. అమెరికాలో ఇండీకార్ రేసులు 2007లోనే ఇథనాల్‌తో నడిచాయి. మన దగ్గర ఇరవై శాతం కలిపాక మైలేజి పడిపోయిందని పెట్రోలు బంకుల దగ్గర రోజూ గొడవే. పెట్రోలు కోసం చేసిన ఇంజిన్‌లో పోస్తే పడకేం చేస్తుంది? ఇథనాల్ కోసమే కంప్రెషన్ పెంచి చేసిన ఇంజిన్ ఎంత ఇస్తుందో రేసులో తేల్చమనండి. ఆ ఇథనాల్ నూకల నుంచి, మొక్కజొన్న నుంచి, చెరకు నుంచి వస్తుంది. నూకలకు మా నాయుడుపేట మిల్లుల్లో కరువు లేదు.

చప్పుడు సంగతి అడుగుతారు, తెలుసు. ఇంజిన్ గర్జన లేకపోతే రేసేమిటని. ఫార్ములా వన్‌లో 2005 దాకా ఉన్న వీ10 ఇంజిన్లు నిమిషానికి పంతొమ్మిది వేల చుట్లు తిరుగుతూ చేసిన కూత టీవీలో విన్నవాడికి కూడా ఒళ్లు జలదరించేది. ఆ కూత పోయినందుకు నాకూ బెంగే. కానీ చప్పుడు కోసమే సైలెన్సర్లు పీకి వీధిలో తిరిగే బండ్లను పోలీసులు పట్టుకుని, ఆ గొట్టాలను రోడ్డు రోలర్ కింద తొక్కిస్తుంటే మనమే చప్పట్లు కొడుతున్నాం. చప్పుడు లేకపోతే ఊరి పక్కన ట్రాక్ పెట్టుకోవడానికి అభ్యంతరం చెప్పేవాళ్లూ తగ్గుతారు. పాత ఇంజిన్ల కోసం ఏడాదికి ఒక రోజు విడిగా పెట్టుకుందాం, ఆర్‌ఎక్స్‌లు, యెజ్డీలు తెచ్చుకుని పొగలో తడుద్దాం. ఛాంపియన్‌షిప్ మాత్రం బతికున్న యంత్రాలకే.

కాబట్టి అడగదలచుకున్నది ఇది. దేశంలో మోటారు రేసులకు అనుమతులిచ్చే సమాఖ్య, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ నడిపే క్లబ్బు, ఏడాదికి ఒక్క ఆదివారం యూనిట్ల విభాగం పెట్టి చూడాలి. రెండు యూనిట్ల కరెంటు లేదా దానికి సరిపడా కొలిచి పోసిన పెట్రోలు. బండి ధరకు పరిమితి ఉండాలి. కంట్రోలర్‌ను విప్పుకునే, ప్రోగ్రాము మార్చుకునే హక్కు రూళ్లలోనే రాయాలి. తాళం తీసి ఇవ్వని కంపెనీ బండిని రేసుకు రానివ్వకూడదు. ఫార్ములా భారత్ లాంటి కాలేజీ పోటీల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు కరెంటు కార్లు సొంతంగా కట్టి కోయంబత్తూరు ట్రాక్ మీద తోలుతున్నారు. వాళ్లను, మా బైపాస్ మెకానిక్ తమ్ముళ్లను ఒకే జట్టులో కూర్చోబెట్టే పోటీ కావాలి. శ్రీసిటీ చుట్టూ ఇన్ని బండ్ల కంపెనీలకు ప్రభుత్వం స్థలాలిచ్చింది. అక్కడే ఒక కిలోమీటరు ట్రాక్‌కు చోటు ఇవ్వడం పెద్ద పని కాదు.

అది వచ్చేదాకా తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో బండి విప్పే కుర్రాడు ఉంటే తిట్టి స్పానర్లు దాచేయకండి. ఇరుంగాట్టుకోట్టైకి ఒకసారి తీసుకెళ్లి రేసు చూపించండి. ఆరు వరసల హైవే మీద మాత్రం పందెం వేయనివ్వకండి. అక్కడ లారీలు పందెంలో లేవు.